తలలోని జబ్బుకు చేతిలోంచి దారి

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత నేత్రవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పెద్దలు చదువు గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్లిళ్లలో దుబారా గురించి చెబుతూ వస్తున్నారు. ఈసారి ఆరోగ్యం గురించి కూడా నాలుగు మాటలు ఉంటే బాగుంటుందని కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి అడిగారు. బి.పి. గురించో, షుగరు గురించో చెప్పమన్నారు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్లు కళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పదేళ్లకు పైగా నా మనసులో ఉండిపోయిన ఒక సంగతి ఉంది, దాన్ని ఈ సభలో చెప్పుకోనివ్వండి అని అడిగాను. వారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. అందుకు కార్యవర్గానికి నా కృతజ్ఞతలు.

2014లో ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. ఇరవై ఏడేళ్లుంటాయి. ప్రైవేటు స్కూల్లో టీచరు. కాస్త లావు మనిషి. వెంట అత్తగారు వచ్చారు. "తలనొప్పి సార్. వంగి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. రెండుసార్లు అద్దాలు మార్చినా తగ్గలేదు" అన్నది. చెవిలో ఏమైనా వినిపిస్తున్నదా అమ్మా అని అడిగాను. ఆశ్చర్యపోయింది. "రాత్రి పడుకుంటే చెవిలో గుండె కొట్టుకున్నట్టు హోరు సార్. చెబితే ఎవరూ నమ్మడం లేదు" అన్నది.

కంట్లో చుక్కలు వేసి పాప పెద్దదయ్యాక లోపల చూశాను. కంటి నరం మొదలు రెండు కళ్లలోనూ బాగా ఉబ్బి ఉంది. అంటే అసలు జబ్బు కంట్లో లేదు, తలలో ఉంది. పరీక్షలు చేయించాము, మందులు మొదలుపెట్టాము. చూపు మాత్రం వారం వారం తగ్గుతూ వచ్చింది. పెద్ద ఊళ్లో ఒక ఆసుపత్రికి ఉత్తరం రాసి ఇచ్చాను. అక్కడ మెదడు సిరలో స్టెంట్ వేయాలని నిర్ణయించారు.

ఎనిమిది నెలల తరువాత ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకువచ్చారు. కుడికంటికి వెలుగు తప్ప ఏమీ తెలియడం లేదు. ఎడమకంటికి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కొద్దిమేర మాత్రం కనబడుతున్నది. "స్టెంట్ ఎందుకు వేయించుకోలేదమ్మా?" అన్నాను. తల వంచుకుంది. అత్తగారు చెప్పారు. "గజ్జల దగ్గర్నుంచి గొట్టం వేస్తారంట డాక్టర్ సాబ్. ఆ గదిలో అందరూ మగవాళ్లేనంట. పిల్ల వద్దని ఒకటే ఏడుపు. మేమూ బలవంతం చేయలేదు."

ఆ ఆసుపత్రి వారి తప్పు ఇందులో ఏమీ లేదు. అప్పటికి అందరూ చేసే పద్ధతే వారు చెప్పారు. ఆ అమ్మాయిదీ తప్పు కాదు. తప్పు నాది. ఉత్తరం రాసి చేతిలో పెట్టి పంపించాను గాని, అక్కడ ఏమి చేస్తారో, ఎక్కడి నుంచి చేస్తారో ఒక్క ముక్క చెప్పలేదు. వెళ్లిందా లేదా అని కనుక్కోలేదు. ఈ వేళ నేను ఇక్కడ నిలబడటానికి కారణం అదే.

ముందుగా ఆ జబ్బేమిటో మనవి చేస్తాను.

మన మెదడు పుర్రె అనే గట్టి పెట్టెలో ఉంటుంది. దాని చుట్టూ స్వచ్ఛమైన నీరు ఉంటుంది. ఏ సమయంలో చూసినా ఆ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. కానీ రోజుకు సుమారు అర లీటరు కొత్తగా ఊరుతుంది. అంటే రోజుకు మూడుసార్లకు పైగా పాత నీరు బయటకు పోయి కొత్త నీరు చేరాలి. పాత నీటిలో ఎక్కువ భాగం పుర్రె లోపలి పెద్ద సిరల్లోకి పోయి, అక్కడి నుంచి మెడ సిరల గుండా గుండెకు చేరుతుంది. చెరువుకు కలుజు ఎలాంటిదో మెదడుకు ఈ సిరలు అలాంటివి. కలుజు పూడితే చెరువులో నీరు ఎగదన్నుతుంది కదా! అలాగే చెవి వెనకగా పోయే పెద్ద సిర ఇరుకైతే తలలో నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కంటి నరం ఉబ్బుతుంది, నలుగుతుంది, చివరకు ఎండిపోతుంది. ఎండిన నరానికి మళ్లీ ప్రాణం పోసే మందు లేదు.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. సిర ఇరుకైతే ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే అది సిరను బయటి నుంచి నొక్కి ఇంకా ఇరుకు చేస్తుంది. అలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ఈ జబ్బును ఇంగ్లీషులో ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అంటారు, పొట్టిగా ఐ.ఐ.హెచ్. ఎవరికైనా రావచ్చు గాని, ఎక్కువగా వచ్చేది పిల్లలు కనే వయసులో ఉన్న, బరువు ఎక్కువున్న ఆడవాళ్లకు. స్కాన్‌లో గడ్డ కనిపించదు కాబట్టి, "అన్నీ బాగానే ఉన్నాయి, నీకు మనసు బాగాలేదు" అని ఇంటికి పంపించేయడం కూడా జరుగుతూ ఉంటుంది.

మొదటి వైద్యం స్టెంట్ కాదు. బరువు తగ్గడం, ఎసిటజోలమైడ్ మాత్రలు, ఇవే మొదటివి. ఆ మాత్ర, ఉప్పు తగ్గించిన పథ్యంతో కలిపి, చూపును మెరుగుపరుస్తుందని అమెరికాలో జరిగిన పరీక్షల్లో 2014లో రుజువైంది. చాలామందికి వీటితోనే గడిచిపోతుంది. వీటికి లొంగకుండా చూపు పోతున్నప్పుడు, సిర ఇరుకుగా ఉన్నవారికి మాత్రమే స్టెంట్ మాట వస్తుంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి డాక్టరు నికొలస్ హిగ్గిన్స్, ఆయన సహచరులు ఈ జబ్బుకు మెదడు సిరలో స్టెంట్ వేసిన సంగతిని 2002లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. గుండె రక్తనాళంలో వేసే జాలీ గొట్టం మీ అందరికీ తెలుసు. ఇదీ ఆ జాతిదే, కాకపోతే ఇంకా వెడల్పు. ఇరుకైన చోట అది విచ్చుకుని సిరను తెరిచి ఉంచుతుంది. నేను చెప్పిన చిక్కుముడి అక్కడ తెగిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. తలలోకి వెళ్లాలంటే దారి ఏది?

పుర్రె కోయనక్కరలేదు. శరీరంలో ఏదో ఒకచోట సిరలోకి సూదితో ప్రవేశించి, సన్నని తీగ పంపి, తీగ మీదుగా గొట్టాన్ని జరుపుకుంటూ పోవాలి. ఈ కిటుకును స్వీడన్‌లో సెల్డింగర్ అనే డాక్టరు 1953లో లోకానికి చెప్పాడు. గజ్జల్లోని సిర పెద్దది, తిన్ననిది. అందుకని డాక్టర్లకు అదే రాచబాట అయింది. అక్కడి నుంచి గొట్టం పొట్టలోని పెద్ద సిర గుండా పైకి వచ్చి, గుండె కుడి గది దాటుకుని, మెడ సిరలో ఎక్కి తలలోకి పోతుంది.

దారి మంచిదే. కానీ మనవి చేశాను కదా, ఈ జబ్బు వచ్చేవారిలో ఎక్కువమంది బరువున్న ఆడవాళ్లు. అక్కడి సిర కొవ్వు కింద లోతుగా ఉంటుంది. సూది పడటం కష్టం, తరువాత వేలితో నొక్కి రక్తం ఆపడమూ కష్టం. పైగా రోగి అప్పటికే రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే రెండు మాత్రలు వేసుకుంటూ ఉంటుంది. అందువల్ల కొందరికి లోపల రక్తం గూడుకట్టి, కాలు నల్లగా కమిలిపోతుంది. కొన్ని గంటలపాటు కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. సిగ్గు, భయం సరేసరి. అవి చిన్న విషయాలని మనం అనుకుంటాము. ఆ అమ్మాయి కళ్లు పోయింది వాటివల్లనే.

అయితే చెయ్యి మాటేమిటి? ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే ఊళ్లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. చేతి సిరలోంచి గుండెలోకి గొట్టం పంపవచ్చునని అతని నమ్మకం. పెద్ద డాక్టరు వద్దన్నాడు. ఇతను వినలేదు. తన ఎడమ మోచేతి దగ్గర సిర కోసుకుని, తానే గొట్టాన్ని 65 సెంటీమీటర్లు లోపలికి పంపుకుని, ఆ గొట్టంతోనే నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు. గొట్టం కొస గుండెలో కనిపించింది. అప్పుడు అతనికి తగిన గుర్తింపు రాలేదు. 1956లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అంటే మనిషి శరీరంలోకి గొట్టం నడిపిన మొదటి బాటల్లో చేతి బాట ఒకటి.

ఇంకొక చిన్న సంగతి. మా తాతగారు హకీము. చిన్నప్పుడు నా చెయ్యి చాపించి మోచేతి మడతలో సిరలకు పేర్లు చెప్పేవారు. లోపలివైపుది బాసలీఖ్, బయటివైపుది ఖీఫాల్, నడుమది అక్‌హల్. తల జబ్బులకు ఖీఫాల్‌లోంచి రక్తం తీసేవారట. ఆ వైద్యం ఇప్పుడు చేయమని నేను చెప్పడం లేదు. కానీ మెడికల్ కాలేజీలో చేరాక అనాటమీ పుస్తకంలో 'బాసిలిక్ వెయిన్' అని చదివి ఉలిక్కిపడ్డాను. ఆ పేరు ఇబ్న్ సీనా మొదలైనవారి అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి అనువదించినప్పుడు అటు వెళ్లింది. ఈనాడు తలలోని సిరకు చేతి మీదుగా వెళ్లే డాక్టర్లు ఎక్కువగా ఎంచుకునేది ఆ బాసలీఖ్‌నే.

ఎందుకంటే అది వెడల్పైనది, తిన్నగా చంకలోని పెద్ద సిరగా మారిపోతుంది. బయటివైపు ఖీఫాల్ భుజం దగ్గర వంపు తిరిగి కలుస్తుంది కాబట్టి అక్కడ గొట్టం మొరాయిస్తుంది. చంక నుంచి కాలర్ ఎముక వెనకగా వచ్చి, మెడ సిరలోకి మలుపు తిరిగి, పైకి పోవడమే. గుండె గది దాటనక్కరలేదు. చెయ్యి ఎంత లావుగా ఉన్నా ఆ సిర చాలామందిలో పైపైనే ఉంటుంది. అల్ట్రాసౌండ్ యంత్రం పెట్టి చూస్తూ సూది వేస్తారు. పని అయ్యాక చిన్న కట్టు కడతారు, పైన రవిక చెయ్యి దించుకుంటే కనిపించదు. మత్తు దిగగానే కూర్చోవచ్చు. గుండె డాక్టర్లు మణికట్టు ధమనిలోంచి స్టెంట్లు వేయడం 1990ల నుంచి నేర్చుకుంటూ వచ్చారు. మెదడు సిరలకు చేతి దారి వాడటం ఈ మధ్య సంవత్సరాల్లో పెరిగింది.

అన్నీ లాభాలే అని చెబితే అది వ్యాపార ప్రకటన అవుతుంది. కష్టాలూ చెప్పాలి. చేతి సిర సన్ననిది. స్టెంట్ తీసుకుపోయే గొట్టం రెండు మిల్లీమీటర్లు, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ లావు ఉంటుంది. సిర దానికి సరిపోవాలి. కొందరికి సూది తగలగానే సిర ముడుచుకుపోయి గొట్టాన్ని పట్టేస్తుంది. మెడ సిరలోకి తిరిగే మలుపు ఇరుకు, దాని మొదట్లో తలుపు లాంటి కవాటం ఒకటి ఉంటుంది. గొట్టం పైకి పోకుండా గుండె వైపు జారిపోతూ ఉంటుంది. చేయి తిరిగిన డాక్టరు కావాలి. బాసలీఖ్ పక్కనే ధమని, నరం ఉంటాయి కాబట్టి వాటికి దెబ్బ తగలకుండా చూడాలి. తరువాత చేతి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారి చేతి సిరలను రేపటి డయాలిసిస్ కోసం భద్రంగా ఉంచాలి. అలాంటివారు ఆ మాట ముందే చెప్పాలి. ఈ దారి కుదరక మధ్యలో గజ్జల దారికి మారవలసి రావచ్చు కూడా.

ఏ దారిన వెళ్లినా, స్టెంట్‌కు ముందు ఒక కొలత ఉంది. సన్నని గొట్టం పంపి, ఇరుకుకు ఎగువన ఒత్తిడి ఎంత, దిగువన ఎంత అని కొలుస్తారు. రెంటికీ తేడా పాదరసం కొలతలో 8 మిల్లీమీటర్లో అంతకు మించో ఉంటేనే స్టెంట్ వల్ల మేలు అని చాలామంది డాక్టర్లు లెక్క పెట్టుకుంటారు. ఈ కొలత రోగి మెలకువగా ఉండగా తీస్తే నికరంగా ఉంటుంది, మత్తులో అంకెలు మారిపోతాయి. మెలకువగా ఉన్న ఆడమనిషికి గజ్జల్లో గొట్టం ఉండటానికీ, చేతిలో ఉండటానికీ తేడా ఎంతో నేను చెప్పనక్కరలేదు.

రెండేళ్ల కిందట మా ఊరి అమ్మాయి ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి. అదే తలనొప్పి, అదే హోరు, అదే ఉబ్బు. మాత్రలు వేసుకుంటే వేళ్లు తిమ్మిర్లెక్కి, నోరు చేదై తట్టుకోలేకపోయింది. చూపు తగ్గసాగింది. ఈసారి ఉత్తరం రాయకముందు తెల్లకాగితం తీసి బొమ్మ వేశాను. మొగుణ్ణి, తల్లిని కూడా కూర్చోబెట్టాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది. "ఎక్కడ్నుంచి వేస్తారు సార్?"

కనుక్కుని చెబుతానమ్మా అని హైదరాబాదులో డాక్టరుగారికి ఫోను చేశాను. ఆయన అన్నారు: "చేతి సిరలు చూస్తాను. సరిపోతే చేతిలోంచే వేస్తాను. సరిపోకపోతే గజ్జల్లోంచి తప్పదు. అప్పుడు కూడా నర్సమ్మలు దగ్గరే ఉంటారు, గుడ్డ కప్పి అవసరమైనంత మేరే తెరుస్తారు." ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఆమెకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "రెంటికీ ఒప్పుకుంటాను సార్. చెప్పి చేస్తే భయం లేదు" అన్నది.

చేతి సిర సరిపోయింది. ముందు మెలకువలో ఒత్తిడి కొలిచారు. వారం తరువాత మత్తు ఇచ్చి స్టెంట్ వేశారు. సాయంత్రానికి మంచం మీద కూర్చుని చాయ్ తాగింది. మూడు నెలలకు నేను కంట్లో చూస్తే నరం ఉబ్బు దిగిపోయింది. చెవిలో హోరు ఆగిపోయింది. తలనొప్పి పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడు వస్తున్నది. బరువు తగ్గే ప్రయత్నంలో ఉంది. పిల్లల హోంవర్కు తానే చదివి చెబుతున్నది. నాకు అంతకన్నా ఏమి కావాలి?

ఆ మొదటి అమ్మాయికి ఈ చేతి దారి అప్పుడు దొరికేదో లేదో నేను చెప్పలేను. కానీ బొమ్మ వేసి చెప్పడం, ఫోను చేసి అడగడం 2014లో కూడా నా చేతిలో ఉన్న పనులే.

ఇక మీకు నా మనవులు నాలుగు.

మొదటిది. ఇంట్లో ఆడపిల్ల తలనొప్పి అంటూ, దానితో పాటు వంగితే కళ్లు బైర్లు కమ్మడం, చెవిలో గుండెచప్పుడు లాంటి హోరు, వస్తువులు రెండుగా కనబడటం వంటివి చెబితే, అద్దాల కొట్టుకు కాదు, కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. చుక్కలు వేసి కంటి లోపల నరం చూడమని అడగండి. పది నిమిషాల పని. మొటిమలకు వాడే కొన్ని మాత్రలు, విటమిన్ 'ఎ' మోతాదు మించడం కూడా ఇలాంటి ఒత్తిడి తెస్తాయి. ఏ మందులు మింగుతున్నదో దాచకుండా చెప్పండి.

రెండవది. బాలింతకు ఇవే లక్షణాలు వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. అది మెదడు సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, దాని వైద్యం వేరు. పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు తగ్గించడం మానండి.

మూడవది. బరువు మాట వచ్చినప్పుడు ఆ పిల్లను ఎగతాళి చేయకండి. బరువు తగ్గితే ఈ జబ్బులో ఒత్తిడి తగ్గుతుంది, అది నిజం. ఎగతాళి వల్ల ఎవరూ తగ్గలేదు.

నాలుగవది, ముఖ్యమైనది. స్టెంట్ అన్నారంటే నోరు విప్పి అడగండి. మందులన్నీ అయ్యాయా? ఒత్తిడి తేడా కొలిచారా? ఏ దారిన వేస్తారు, చేతి దారి నాకు పనికివస్తుందా? మీరు ఈ దారిన ఎన్ని చేశారు? రక్తం పలచబరిచే మాత్రలు ఎన్నాళ్లు వాడాలి? ఆ మాత్రలు కొన్ని నెలలు తప్పకుండా వేసుకోవాలి, ఇష్టం వచ్చినప్పుడు మానితే స్టెంట్ మూసుకుపోవచ్చు. మెదడులో రక్తస్రావం వంటి ప్రమాదాలు అరుదు, కానీ లేకపోలేదు. కొందరికి స్టెంట్ పక్కన మళ్లీ ఇరుకు ఏర్పడుతుంది. అందుకని తరువాత కూడా కళ్లు చూపించుకుంటూ ఉండాలి.

అడిగాక, డాక్టరు గజ్జల దారే నీకు క్షేమమని చెబితే, దానికే ఒప్పుకోండి. ప్రాణం మీదికి, కంటి మీదికి వచ్చినప్పుడు వైద్యానికి పరదా అడ్డు కాదని మన పెద్దలే చెబుతారు. చెయ్యైనా గజ్జైనా అది దారి మాత్రమే. చేరవలసిన చోటు ఆడపిల్ల కంటిచూపు.

మన సంఘంలో చదువుకున్న అమ్మాయిలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఊరు దాటి ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లకు తోడుగా ఒకరు వెళ్లి, డాక్టరు చెప్పినది విని, ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పే ఏర్పాటు ఒకటి చేయమని కార్యవర్గానికి విన్నవించుకుంటున్నాను. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక బస్సు టిక్కెట్టు, ఒక రోజు తీరిక చాలు. నేను రిటైరైనవాణ్ణి, నాకు తీరిక ఉంది. మొదటి పేరు నాది రాసుకోండి.